చిటికెన వేలు, చిన్న వాల్వు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కమిటీ వాళ్ళు ఫోను చేసి, "మీరు ఇంజినీరు కదా, పిల్లలకు పనికొచ్చే సంగతి ఏదైనా ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. "ఏ సంగతైనా పరవాలేదా?" అని అడిగాను. "మీ ఇష్టమండీ" అన్నారు. ఆ మాట ఇచ్చినందుకు వాళ్ళు ఇవాళ కొంచెం ఇబ్బంది పడతారు. నన్ను మన్నించాలి.

మన బడిలో నోరు విప్పకుండా మాట్లాడే భాష ఒకటుండేది. చిటికెన వేలు ఎత్తితే ఒకటికి. వేలు ఎత్తగానే తరగతి అంతా నవ్వేది. లెక్కల మాస్టారు "ఇప్పుడే కదురా ఇంటర్వెల్ అయ్యింది, కూర్చో" అనేవారు. తెలుగు మాస్టారు పద్యం పూర్తయ్యేదాకా ఆ వేలు చూసేవారు కాదు. ఫిజిక్సు మాస్టారు ఒక్కరే అడగకుండానే తలుపు వైపు చూపించేవారు. ఆయన ఇవాళ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. మాస్టారూ, ఇవాళ్టి నా ప్రసంగం ఆ చిటికెన వేలు గురించే. ఇందులో మీ పాఠం కూడా ఒకటుంది.

నేను కాకినాడలో ఇంజినీరింగు చదివి, కొన్నాళ్ళు ఇక్కడ పనిచేసి, తర్వాత స్కాట్లాండులోని అబర్డీన్ చేరాను. ఉత్తర సముద్రంలో నూనె తీసే వేదికలకు వాల్వులు, సీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం. నీరు గానీ, నూనె గానీ, గ్యాసు గానీ ఎక్కడ కారకూడదో అక్కడ కారకుండా చూడాలి. ఆ పనిలో ముప్పై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. నలభై ఐదో ఏట ఒక పిచ్చి పట్టుకుంది. సముద్రంలో మునిగి పాత ఓడల్ని చూడటం. మన చెరువులో ఈత నేర్చుకున్నవాణ్ణి కాబట్టి నీళ్ళంటే భయం లేదు. కానీ అక్కడి నీళ్ళు మన చెరువు నీళ్ళు కావు. వసంతకాలంలో కూడా నా చేతి గడియారం మీద ఎనిమిది డిగ్రీలు చూపించేది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఆ చలిలో మామూలు బట్టలతో గంటసేపు ఉండటం కుదరదు.

అందుకని అక్కడ డ్రైసూట్ అని వేసుకుంటారు. మెడ నుంచి పాదాల దాకా ఒకే సంచీలాంటి సూటు. మెడ దగ్గర, మణికట్టుల దగ్గర రబ్బరు పట్టీలు బిగుతుగా పట్టుకుంటాయి. జిప్పు కూడా నీరు చొరనిదే. లోపల దళసరి ఉన్నిలాంటి బట్ట వేసుకుంటాం. రొమ్ము మీద గాలి నింపే వాల్వు ఒకటి, ఎడమ భుజం దగ్గర గాలి వదిలే వాల్వు ఒకటి ఉంటాయి. అంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, సూటు తొడుక్కుని జిప్పు వేశాక చిటికెన వేలు ఎత్తినా వినేవాడు లేడు.

పైగా నీళ్ళలో దిగితే ఆ అవసరం ఇంకా ఎక్కువవుతుంది. చలికి, నీటి ఒత్తిడికి కాళ్ళలో చేతుల్లో ఉన్న రక్తం రొమ్ములోకి చేరుతుంది. గుండె గదులు సాగుతాయి. ఒంట్లో రక్తం ఎక్కువైపోయిందని శరీరం పొరబడి, దాన్ని తగ్గించమని మూత్రపిండాలకు కబురు పంపుతుంది. అందుకే చెరువులో దిగిన పది నిమిషాలకే పిల్లలు గట్టెక్కేవాళ్ళు. గట్టెక్కని వాళ్ళ సంగతి నేను చెప్పను. వాళ్ళు ఇక్కడే ఉన్నారు.

ఇది చిన్న విషయం అనుకునేరు. 1961 మే 5న అలాన్ షెపర్డ్ అమెరికా తరఫున మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్ళినప్పుడు, ప్రయాణం పదిహేను నిమిషాలే కదా అని ఈ ఏర్పాటేదీ చేయలేదు. ప్రయోగం గంటల తరబడి ఆలస్యమైంది. పాపం, ఆయన ఎత్తాల్సిన వేలు రేడియోలో ఎత్తాడు. చివరికి సూటులోనే కానివ్వమన్నారు. రాకెట్టు కట్టినవాళ్ళు మరచిపోయింది ఈ ఒక్కటే.

డ్రైసూట్ వేసుకునేవాళ్ళు దీనికి మూడు దారులు వెతుక్కున్నారు. మొదటిది, పెద్దవాళ్ళ డైపరు. రెండోది, తొడ దగ్గర సూటుకు చిన్న రంధ్రం చేసి బిగించే వాల్వు. ఆసుపత్రిలో పడుకున్న మగ రోగులకు పైనుంచి తొడిగే కాథెటరు ఉంటుంది చూశారూ, దానికి గొట్టం తగిలించి ఈ వాల్వుకు కలుపుతారు. లోపలిది బయటికి పోతుంది. ఆడవాళ్ళకు వేరే అమరిక ఉంది గానీ, అంటించుకోవడం కష్టం. మూడోది, పొద్దుటి నుంచి నీళ్ళు తాగకపోవడం. ఈ మూడో దారిని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

వాల్వు సంగతి రెండు మాటల్లో చెబుతాను. పిల్లలూ, మీ పాఠంలో ద్రవాల ఒత్తిడి ఉంది కదా. సముద్రంలో ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణం ఒత్తిడి పెరుగుతుంది. ముప్పై మీటర్ల దగ్గర పైనున్న గాలి ఒత్తిడితో కలిపి నాలుగు రెట్లు. సూటులోని గాలి ఒత్తిడి కూడా అంతే ఉంటుంది, ఎందుకంటే దిగుతున్నకొద్దీ మనం గాలి నింపుతుంటాం. కానీ ఆ గొట్టంలో చిక్కుకున్న గాలి పైనుంచి వచ్చిన పాత గాలి. అది నలిగి చిన్నదైపోతుంది, గొట్టం పీల్చడం మొదలుపెడుతుంది. ఎక్కడ పీలుస్తుందో మీరే ఊహించుకోండి. నొప్పి భరించలేం. అందుకని మంచి వాల్వులలో సమతుల్యపు గది అని ఒకటి పెడతారు. దానికి ఒక పలచని రబ్బరు రేకు తలుపులా ఉంటుంది. సూటులోని గాలి గొట్టంలోకి వెళ్ళవచ్చు. గొట్టంలోని ద్రవం సూటులోకి రాకూడదు. బయటి వైపు ఇంకో రేకు ఉంటుంది. లోపలిది సముద్రంలోకి పోవచ్చు. సముద్రం లోపలికి రాకూడదు. ఇంతే వాల్వు. రెండు తలుపులు, రెండూ ఒకే వైపు తెరుచుకోవాలి. ఇంకో సంగతి, సూటుకు పెట్టిన రంధ్రం చుట్టూ ఒక గాస్కెట్. మొత్తం అరచేతిలో పట్టేస్తుంది.

ఇక నా కథ. ఆరేళ్ళ క్రితం స్కాట్లాండుకు ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు మూడు రోజులు డైవింగుకి వెళ్ళాం. అక్కడ స్కాపా ఫ్లో అనే సహజమైన రేవు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక జర్మనీ యుద్ధనౌకలు 74 తీసుకొచ్చి అక్కడ నిర్బంధించారు. అవి శత్రువుల పాలు కాకూడదని, 1919 జూన్ 21న వాటి అధిపతి ఫాన్ రాయిటర్ ఆజ్ఞ ఇస్తే, నావికులే అడుగున ఉన్న వాల్వులు తెరిచి వాటిని ముంచేశారు. 52 మునిగాయి. తర్వాత చాలావాటిని పైకి తీసి తుక్కు కింద అమ్మేశారు. ఏడు పెద్ద ఓడలు ఇంకా అడుగునే ఉన్నాయి. అందులో కోల్న్ అనే క్రూయిజరు సుమారు ముప్పై ఐదు మీటర్ల లోతులో పక్కకి ఒరిగి పడుకుని ఉంది. వాల్వులు తెరిచి ఒక నౌకాదళాన్నే ముంచిన చోట నా చిన్న వాల్వు మొరాయించింది.

మొదటి రోజు పైకి వచ్చి సూటు విప్పితే ఎడమ తొడ తడిసి ఉంది. పక్కవాళ్ళు నవ్వారు. నేను మాత్రం బింకంగా, "గాస్కెట్ దగ్గర సముద్రం నీరు వస్తోంది" అని ప్రకటించాను. వాల్వుల ఇంజినీరుని కదా, నాకు తెలియకపోవడమేమిటి! పడవ నడిపేవాడి దగ్గర పానా అడిగి తీసుకుని గట్టిగా బిగించాను. చేత్తో బిగించవలసిన దాన్ని పానాతో బిగించాను.

రెండో రోజు తొడ కాదు, మోకాలి దాకా తడిసింది. వణుకుతూ పైకొచ్చాను. ఆ రాత్రి సామాను పెట్టె తెరిచి, గాస్కెట్ మార్చాను, ఓ-రింగు మార్చాను, గొట్టం మార్చాను. మూడూ ఒకేసారి మార్చి హాయిగా పడుకున్నాను.

మూడో రోజు పొడిగా బయటికొచ్చాను. ఒక్క చుక్క లేదు. "చూశారా!" అన్నాను అందరితో. వాళ్ళు చప్పట్లు కొట్టారు. గంట గడిచాక కుడి భుజంలో నొప్పి మొదలైంది. బరువు ఎత్తినందువల్ల అనుకున్నాను. తగ్గలేదు, పెరిగింది. పడవ మీద ఉన్న ఆక్సిజన్ పెట్టారు. ఒడ్డుకు చేరాక ఒత్తిడి గదిలో పెట్టి గంటల తరబడి చికిత్స చేశారు. లోతులో రక్తంలో కరిగిన నైట్రోజన్ పైకి వచ్చేటప్పుడు బుడగలు కట్టడం వల్ల వచ్చే జబ్బు అది. సోడా సీసా మూత తీసినప్పుడు ఏమవుతుందో ఒంట్లో అదే అవుతుంది. వెన్నుపాములో కడితే కాళ్ళు పడిపోవచ్చు. నాకు భుజంతో పోయింది.

డాక్టరుగారు వివరాలన్నీ రాసుకుంటూ అడిగారు: "పొద్దుటి నుంచి ఎన్ని నీళ్ళు తాగారు?"

నేను జవాబు చెప్పడానికి తడబడ్డాను. ఎందుకంటే నేను ఆ పొద్దున కాఫీ తప్ప ఏమీ తాగలేదు. ముందు రోజు రాత్రి కూడా తాగలేదు. మళ్ళీ తడుస్తుందేమో, మళ్ళీ నవ్వుతారేమో అని. నాకే తెలియకుండా మూడో దారి పట్టాను. అంటే ఆ రోజు నేను వాల్వు వాడనే లేదు. వాడని వాల్వు కారలేదని చప్పట్లు కొట్టించుకున్నాను.

నీళ్ళు తాగకపోవడమే జబ్బుకి కారణమని డాక్టరుగారు అనలేదు. లోతు, సమయం, చలి, అలసట, అన్నీ లెక్కలోకి వస్తాయన్నారు. కానీ ఒంట్లో నీరు తగ్గితే ముప్పు పెరుగుతుందని మేము భావిస్తాం, అన్నారు. కొన్ని వారాలు నీళ్ళలో దిగవద్దన్నారు.

ఆ వారాల్లో ఇంట్లో కూర్చుని ఆలోచిస్తుంటే నాకు మన ల్యాబు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో బ్యాటరీ, బల్బు, స్విచ్చి కలిపి సర్క్యూటు చేయమన్నారు. మా బల్లలో బల్బు వెలగలేదు. నేను గబగబా పక్క బల్లలో నుంచి బల్బు, వైరు, సెల్లు అన్నీ తెచ్చి మార్చేశాను. వెలిగింది. "సార్, వెలిగింది!" అని అరిచాను. ఫిజిక్సు మాస్టారు వచ్చి, "ఏది పాడయిందిరా?" అని అడిగారు. తెలియదన్నాను. "అయితే నువ్వు బాగు చేయలేదు, అదృష్టం బాగు చేసింది. పాతవన్నీ మళ్ళీ పెట్టు. ఒక్కటే మార్చు. చూడు. తర్వాత రెండోది మార్చు" అన్నారు. ఇంటర్వెల్ పోయింది. తప్పు సెల్లులో లేదు, బల్బులో లేదు, తుప్పు పట్టిన వైరు కొసలో ఉందని తేలాకే వదిలిపెట్టారు. ముప్పై ఏళ్ళుగా ఉద్యోగంలో నేను అదే చేస్తున్నాను. సొంత సూటు దగ్గరికి వచ్చేసరికి మరచిపోయాను. నలుగురూ నవ్వుతుంటే మరచిపోయాను. సిగ్గు పడినవాడు సరిగా పరీక్ష చేయలేడు.

అప్పుడు మొదటి నుంచి మొదలుపెట్టాను. పాత గాస్కెట్, పాత ఓ-రింగు, పాత గొట్టం తీసి మళ్ళీ బిగించాను. కాగితం మీద మూడు ప్రశ్నలు రాసుకున్నాను. ఆ తడి ఏమిటి? ఎప్పుడు వస్తోంది? ఎక్కడి నుంచి వస్తోంది?

మొదటి రెంటికీ జవాబు నా దగ్గర ముందే ఉంది, నేనే వినిపించుకోలేదు. మొదటి రోజు తడి ముందు వెచ్చగా తగిలింది, తర్వాత చల్లబడింది. ఎనిమిది డిగ్రీల సముద్రం వెచ్చగా ఎలా తగులుతుంది? పైగా అది దిగినప్పుడు రాలేదు, వాల్వు వాడాకే వచ్చింది. ఈ రెండూ చాలు, అది సముద్రం కాదని చెప్పడానికి. కానీ అది సముద్రం అయితే తప్పు సూటుది. కాకపోతే నవ్వులపాలు నేను. అందుకే సముద్రం అన్నాను.

మూడో ప్రశ్నకు ఇంట్లో స్నానాల తొట్టె పనికొచ్చింది. సూటు కాలిని వాల్వు మునిగేలా తొట్టెలో ముంచి, లోపల వాల్వు చుట్టూ తెల్ల టిష్యూ కాగితాలు పరిచాను. గొట్టం కొస పైకి లాగి ఉంచుకున్నాను. ఇరవై నిమిషాలు కదలకుండా పట్టుకున్నాను. కాగితం ఒక అంచున తడిసింది. రంగులేని నీరు. తీసి చూస్తే గాస్కెట్ ఆ అంచున ఉబ్బి పక్కకి జరిగి ఉంది. పానా బిగింపు గుర్తు కూడా అక్కడే ఉంది. అంటే రెండో రోజు మోకాలి దాకా తడిపింది నా పానాయే. లేని లీకును నేనే తయారు చేసుకున్నాను.

ఒక్క గాస్కెట్ మాత్రం మార్చి, చేత్తో బిగించి, మళ్ళీ ఇరవై నిమిషాలు. కాగితం పొడి. జానెడు లోతు నీళ్ళలో పరీక్షిస్తే సముద్రంలో సంగతి ఎలా తెలుస్తుందని అడగవచ్చు. ఇలాంటి పలచని రబ్బరు రేకులకు పెద్ద ఒత్తిడి కంటే చిన్న ఒత్తిడే కష్టం. పెద్ద ఒత్తిడి రేకును అదిమి మూసేస్తుంది. చిన్న ఒత్తిడికి అది బద్ధకంగా మూసుకుంటుంది. తొట్టెలో కారనిది లోతులోనూ కారదని గ్యారంటీ లేదు గానీ, తొట్టెలోనే కారేది బయటపడిపోతుంది.

తర్వాత ఒక పెద్ద సిరంజిలో గోరువెచ్చని నీళ్ళు పట్టి, మా ఆవిడ లడ్డూలకు దాచుకున్న మిఠాయి రంగు కలిపి, గొట్టం కొస నుంచి నెమ్మదిగా తోశాను. తొట్టె నిండా కేసరి రంగు. అంటే వాల్వు బయటికి పంపుతోంది. లోపల కాగితం చూస్తే అదీ కేసరి రంగే. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "ఇంత వయసొచ్చి ఏమిటండీ ఈ హోలీ?" అంది. నేను మాత్రం చాలా సంతోషంగా ఉన్నాను. తప్పు దొరికితే ఇంజినీరుకు పండగే.

మిగిలింది ఎక్కడా అన్నదే. గొట్టం జాయింటా, సమతుల్యపు గదా? వాల్వు విప్పి బల్ల మీద పెట్టుకుని, బయటి ద్వారం బొటనవేలితో మూసి, మళ్ళీ సిరంజితో తోశాను. జాయింటు పొడిగా ఉంది. సమతుల్యపు గది చిల్లు నుంచి రంగునీళ్ళు బొట్లుబొట్లుగా వచ్చాయి. ఆ గదిలో రబ్బరు రేకు బయటికి తీసి భూతద్దంతో చూశాను. నేను లోపల వేసుకునే ఉన్ని బట్ట నుంచి రాలిన ఒక్క నూలుపోగు రేకు కింద ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ తెల్లని పొడి గట్టిపడింది. ప్రతిసారీ మంచినీళ్ళతో శుభ్రంగా కడిగి ఆరబెట్టకపోవడం వల్ల పేరుకున్నది. రేకు అంచు కూడా కాస్త వంగింది. రేకు మార్చాను. అదొక్కటే మార్చాను. రంగునీళ్ళు తోశాను. పొడి.

కడగడం గురించి ఒక మాట. 2018లో థాయిలాండు గుహలో చిక్కుకున్న పిల్లల్ని బయటికి తీసుకురావడంలో పాలుపంచుకున్న ఆస్ట్రేలియా డాక్టరు రిచర్డ్ హారిస్ గురించి మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆయన స్వయంగా గుహల్లో డైవింగు చేసే మనిషి. ఈ వాల్వుల వల్ల డైవర్లకు వచ్చే మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్ల గురించి, ఒత్తిడి వల్ల కలిగే గాయాల గురించి 2009లోనే వైద్య పత్రికలో రాశారు. అందరూ నవ్వే విషయాన్ని ఒక పెద్ద డాక్టరు కూర్చుని శ్రద్ధగా రాశారంటే దాని అవసరం అలాంటిది.

చివరి పరీక్ష మిగిలింది. డాక్టరుగారు ఒప్పుకున్నాక, ఈత కొలనులో దిగే ముందు లీటరు నీళ్ళు లెక్కపెట్టి తాగాను. వాడి చూడకుండా బాగైందని ఈసారి అనదలచుకోలేదు. గంటసేపు ఉన్నాను. రెండుసార్లు వాడాను. సూటు వాల్వు ద్వారా అని మనవి, మా కొలను వాళ్ళకు మాత్రం చెప్పలేదు. పొడిగా బయటికొచ్చాను. ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరూ లేరు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఆ తర్వాత ఓ రోజు మన బ్యాచి ఫోను గ్రూపులో ఈ కథంతా గొప్పగా చెప్పాను. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. మా క్లాసులో చదివి, నర్సుగా పనిచేస్తున్న ఒకావిడ మాత్రం నాకు విడిగా ఫోను చేసింది. ఆవిడ ఇక్కడే ఉంది, పేరు చెబితే తర్వాత నాకు మూడుతుంది.

"ఏమయ్యా, ఒక్క పూట నీళ్ళు తాగకుండా ఉండి ఇంత కథ చెబుతున్నావు. మేము ఐదేళ్ళు తాగలేదు, తెలుసా?" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. 1981 నుంచి 86 దాకా నేను ఈ బడిలో చదివాను. మగపిల్లలకు వెనక గోడ ఉండేది. ఆడపిల్లలకు ఏమీ ఉండేది కాదు. మేము వేలు ఎత్తేవాళ్ళం, నవ్వేవాళ్ళం. ఆడపిల్లలు వేలు ఎత్తడం ఒక్కసారైనా చూశానా అని గుర్తుచేసుకుంటే గుర్తురాలేదు. వాళ్ళకు అవసరం లేక కాదు, ఎత్తినా వెళ్ళడానికి చోటు లేక. పొద్దున ఇంట్లో నీళ్ళు తాగకుండా బయలుదేరి, మధ్యాహ్నం ఇంటికి పరుగెత్తి, మళ్ళీ సాయంత్రం దాకా బిగపట్టుకుని కూర్చునేవాళ్ళట. వేసవిలో కూడా. "పదో తరగతిలో నాకు ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో నీకు గుర్తుందా? అది జ్వరం కాదు, మూత్రంలో ఇన్ఫెక్షను. నర్సు ట్రైనింగులో చదివాకే నాకు తెలిసింది. పబ్లిక్ పరీక్షలప్పుడు మా అమ్మ మలేరియా అనుకుంది" అంది. పక్క బల్లలో కూర్చుని ఐదేళ్ళు చదివాను. నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. సిగ్గు ఎవరిదో, నష్టం ఎవరికో చూడండి.

ఇప్పుడు బడిలో మరుగుదొడ్లు ఉన్నాయి. మంచివే కట్టారు. నేను మూడు రోజుల ముందే వచ్చి చూశాను. ఆడపిల్లల వైపు నాలుగింటిలో రెంటికి తాళం వేసి ఉంది. ఎందుకంటే, పదకొండు గంటలకల్లా ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నాయి. నీళ్ళు లేకపోతే తాళం వేయక ఏం చేస్తారు? అందుకని కమిటీ రెండో ట్యాంకు కొందామని చందాలు అడుగుతోంది. కమిటీ మిత్రులారా, మీ మనసు మంచిదే. కానీ నాకు నా పానా గుర్తొచ్చింది.

మొన్న సాయంత్రం వాచ్‌మన్‌గారిని, తొమ్మిదో తరగతి పిల్లల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని ట్యాంకు నింపి, కర్రతో కొలిచి గుర్తు పెట్టాం. మోటారు ఆపేశాం. కుళాయిలన్నీ కట్టేశాం. తెల్లవారి చూస్తే జానెడు నీళ్ళు తగ్గాయి. రాత్రి ఎవరూ వాడలేదు. నిన్న రాత్రి మగపిల్లల వైపు వెళ్ళే పైపు ఒక్కటే మూసి ఉంచాం. ఈ పొద్దున చూస్తే అందులో సగమే తగ్గాయి. అంటే సగం నీళ్ళు మగపిల్లల వైపే పోతున్నాయి. వెతికితే ఒక ఫ్లష్ ట్యాంకులో రబ్బరు వాషరు అరిగిపోయి సన్నగా, చప్పుడు లేకుండా రాత్రీ పగలూ కారుతోంది. మిగతా సగం ఎక్కడ పోతోందో ఇంకా తెలియలేదు. ఈ రాత్రి రెండో పైపు మూసి చూస్తారు. నేను చూడను, పిల్లలే చూస్తారు. కొలత రాసుకునే పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది. ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. ఒకసారికి ఒకటే మార్చాలని వాళ్ళకు చెప్పనక్కరలేకపోయింది. ఇప్పుడున్న సైన్సు టీచరుగారు చెప్పి ఉన్నారట. ఆవిడ మన ఫిజిక్సు మాస్టారి శిష్యురాలే.

రెండో ట్యాంకు వద్దని నేను అనడం లేదు. కారే చోట్లన్నీ మూశాక కూడా చాలకపోతే తప్పకుండా కొందాం, నా వంతు నేనిస్తాను. అంతకంటే ముందు మా బ్యాచి తరఫున ఒక మాట ఇస్తున్నాం. నెలకు ఒకసారి ప్లంబరు వచ్చి ప్రతి వాషరు, ప్రతి కుళాయి చూసి వెళ్ళడానికి అయ్యే ఖర్చు మాది. శిలాఫలకం మీద వాషరు పేరు వేయలేం కాబట్టి దీనికి చందాలు రావు. అందుకే మేమే పెట్టుకుంటున్నాం. ఇంకో షరతు కూడా ఉంది. ఆ రెండు తాళాల చెవులు ఆఫీసు గదిలో కాదు, ఆడపిల్లల తరగతి లీడరు దగ్గర ఉండాలి. హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. అందరి ముందూ చెబుతున్నాను, ఇక వెనక్కి తీసుకోలేరు.

టీచర్లకు ఒక మనవి. ఏ పిల్లయినా వేలు ఎత్తితే ఇంటర్వెల్ ఎప్పుడయిందని అడగకండి. ఏ పిల్లయినా రోజంతా వేలు ఎత్తకపోతే మాత్రం, ఒకసారి ఆ పిల్ల నీళ్ళ సీసా చూడండి.

ఫిజిక్సు మాస్టారూ, ఆ రోజు మీరు పోగొట్టిన ఇంటర్వెల్ గురించి చాలాకాలం మీ మీద కోపం ఉండేది. ఇప్పుడు లేదు.

కమిటీ వాళ్ళు పెట్టిన సీసాలో నీళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ మొత్తం తాగేశాను. అందుకని ఇక ముగిస్తాను. మాస్టారూ, ఇదిగో, చిటికెన వేలు. వెళ్ళొస్తాను.